సంధ్యవేళ ‘ఇంటికి పోతా’నన్న తల్లి

మా ఆర్మూరుకు అంచున నవనాథ సిద్ధుల గుట్ట ఉన్నది. ఆరు, మూరు కలిస్తే తొమ్మిది. తొమ్మండుగురు నాథసిద్ధులు తపస్సు చేసిన తావు కనుక ఊరికి ఆ పేరు వచ్చిందని మా పెద్దలు చెప్పేవారు. పుష్య మాసం మొదలు ఫాల్గుణం దాకా చుట్టుపక్కల పల్లెల్లో పసుపు తవ్వుతారు, ఉడకబెడతారు, కల్లాల్లో ఆరబోస్తారు. ఆ రోజుల్లో ఊరికి ఏ దిక్కు నుంచి గాలి వీచినా పసుపు వాసనే. అటువంటి ఒక మాఘమాసపు సాయంకాలం, ఆలయంలో దీపారాధన ముగించుకొని ఇంటికి చేరేసరికి, మా అమ్మ చేతిసంచి పట్టుకొని వీధి గుమ్మంలో నిలబడి ఉన్నది.

“నేను ఇంటికి పోవాలె. చీకటి పడుతున్నది. నాన్న ఎదురుచూస్తుంటాడు” అన్నది.

అప్పటికి అమ్మకు డెబ్బయ్యెనిమిదేళ్లు. ఆ ఇంటికి కోడలిగా వచ్చి అరవై ఏళ్లు దాటింది. ఆమె తండ్రి, అంటే మా తాతగారు, గతించి నలభై ఏళ్లు. ఇక ఆమె పోతానన్న ఇల్లు ఈ భూమి మీద లేదు. అది గోదావరి ఒడ్డున ఉన్న ఒక చిన్న పల్లె. 1963 జూలై 26న ప్రధాని నెహ్రూ పోచంపాడు వద్ద శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు, నేటి శ్రీరాంసాగర్, పూర్తయి నీరు నిలిచినప్పుడు మునిగిపోయిన ఊళ్లలో అదీ ఒకటి.

వేదం చదువుకున్నవాణ్ని; సత్యం పలకడం నా ధర్మమనుకున్నాను. “అమ్మా, నీ ఊరు ఎప్పుడో నీళ్లలో మునిగింది. తాతగారు పోయి నలభై ఏళ్లయింది. ఇదే నీ ఇల్లు” అని విడమరచి చెప్పాను. అమ్మ నా ముఖం వంక చూసి, ఆ క్షణానే తండ్రి పోయిన వార్త విన్న ఆడబిడ్డలా గుండెలు బాదుకొని ఏడ్చింది. మరునాటి సాయంకాలం మళ్లీ సంచి, మళ్లీ గుమ్మం, మళ్లీ అదే మాట. నేనూ అదే జవాబు చెప్పాను. అమ్మ మళ్లీ మొదటిసారి విన్నట్టే ఏడ్చింది. ఇట్లా రెండు నెలలు గడిచాయి. అంటే ఒకే మరణవార్తను ఒక కూతురికి సుమారు అరవైసార్లు వినిపించాను. సత్యం చెబుతున్నాననే తృప్తితో వినిపించాను.

ఈ పుటను చదివే ఇళ్లలో ఇటువంటి తల్లులు, తండ్రులు, అత్తమామలు ఎందరో ఉంటారు. నేను చేసిన తప్పు వారి ఇళ్లలో జరగకూడదన్న తలంపుతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇది చాదస్తం కాదు

నిజానికి అమ్మలో మార్పు అంతకు ఏడాది ముందే మొదలైంది. భోజనం చేసి చేయి కడుక్కున్న పావుగంటకే “నాకు అన్నం పెట్టరా?” అని అడిగేది. ఎన్నో ఏళ్లుగా తానే కలిపే పులిహోరలో ఉప్పు రెండుసార్లు వేసేది. బంగారు గాజులు తీసి ఎక్కడో దాచి, కోడలు దొంగిలించిందని పక్కింటివారితో చెప్పేది. గాజులు పసుపు కొమ్ముల డబ్బా అడుగున దొరికాయి. దొరికిన తర్వాత కూడా “నువ్వే తెచ్చి అందులో పెట్టినవు” అన్నది.

ఇదంతా వయసు తెచ్చిన చాదస్తమని బంధువులన్నారు. దృష్టి దోషమని కొందరన్నారు. నేను అమ్మ జాతకం తీసి చూశాను. నవగ్రహ శాంతి చేశాను, జపాలు చేయించాను, రక్షకట్టు కట్టాను. శాంతి కర్మలు మనస్సుకు ధైర్యాన్నిస్తాయి, వాటిని నేను తక్కువ చేయను. అయితే వైద్యుని వద్దకు తీసుకుపోవలసిన ఒక సంవత్సరాన్ని నేను వాటితోనే గడిపాను. జాతకం చూడవచ్చిన ఎందరికో ‘ముందు వైద్యునికి చూపించండి’ అని చెప్పే నేను, నా తల్లి విషయంలో ఆ మాట మరచాను.

చివరకు నిజామాబాదులో ఒకరిని, అటుపిమ్మట హైదరాబాదులో నరాల వైద్యుని సంప్రదించాము. దీనిని డిమెన్షియా అంటారని, అందులో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్ అనే రకం అమ్మకు వచ్చిందని వారు చెప్పారు. జ్ఞాపకం, ఆలోచన, మాట, దిక్కు, కాలం తెలిసే శక్తి క్రమక్రమంగా క్షీణించి, రోజువారీ జీవనానికే ఆటంకం కలిగే స్థితి డిమెన్షియా. అది మెదడుకు వచ్చే వ్యాధి. వార్ధక్యంలో కళ్లద్దాల డబ్బా ఎక్కడ పెట్టామో మరచిపోవడం సహజమే. కళ్లద్దాలు దేనికో మరచిపోవడం సహజం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 నాటికి లోకంలో 5 కోట్ల 70 లక్షల మంది దీనితో జీవిస్తున్నారు. మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నదని 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. మన వీధిలో వందమంది వృద్ధులుంటే వారిలో ఏడుగురన్నమాట.

ఈ వ్యాధి చరిత్రలో ఒక విషయం గమనింపదగినది. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో అలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు యాభై ఒక్క ఏళ్ల స్త్రీని పరీక్షించాడు. ఆమె కుటుంబాన్ని మొదట కలవరపెట్టింది మరపు మాత్రమే కాదు. భర్త మీద అకారణమైన అనుమానం, వస్తువులను అక్కడా ఇక్కడా దాచడం. 1906లో ఆమె మరణించిన తర్వాత మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించి, అందులో అసహజమైన పేరుకుపోవడాలను ఆయన లోకానికి చూపాడు. 1910లో ఆ వ్యాధికి ఆయన పేరే స్థిరపడింది. మా అమ్మ గాజులు దాచి కోడల్ని అనుమానించడం మా ఇంటి దౌర్భాగ్యమని నేను కుమిలిపోయాను. నూరేళ్లకు పూర్వం, ఏడు సముద్రాల ఆవల, ఒక జర్మన్ ఇల్లాలి ఇంటిలోనూ అదే జరిగిందని తెలిసినప్పుడు, అమ్మ మీద నాకున్న కోపం ఒక్కసారిగా చల్లారింది.

ముందుగా వైద్యుని వద్దకు

పాఠకులు ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. మరపు కనిపించిన ప్రతివారికీ అల్జీమర్సే ఉండనక్కరలేదు. థైరాయిడ్ తగ్గినా, మనోవ్యాకులత ముదిరినా, కిందపడి తలకు దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టినా ఇటువంటి లక్షణాలే కనిపించవచ్చు. మాంసాహారం ముట్టని మన వంటి ఇళ్లలో బీ12 విటమిన్ లోపం సాధారణం. అది కూడా జ్ఞాపకాన్ని మందగింపజేస్తుంది. వీటన్నిటికీ చికిత్స ఉన్నది. అమ్మకు బీ12 లోపం కూడా ఉన్నదని తేలింది. సూదిమందు వేశాక నీరసం తగ్గింది, నడక మెరుగుపడింది. అసలు వ్యాధి మాత్రం అట్లాగే ఉండిపోయింది.

నిన్నటిదాకా ఒక తీరుగా ఉన్న వృద్ధులు ఒకటి రెండు రోజుల్లోనే అకస్మాత్తుగా తికమకపడి, కేకలు వేయడమో మగతగా పడి ఉండడమో చేస్తే, అది వ్యాధి ముదరడం అనుకొని ఊరుకోరాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, మందు వికటించడం వంటి కారణాలుంటాయి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అలాగే రాత్రుళ్లు గోల చేస్తున్నారని దుకాణంలో నిద్రమాత్రలు కొని వేయరాదు. మనసును అణచే కొన్ని మందులు ఈ వ్యాధి ఉన్న వృద్ధులలో పక్షవాతానికి, మరణానికి ఆస్కారం పెంచుతాయని వైద్యులు హెచ్చరిస్తున్నారు.

పసుపు గురించి కూడా చెప్పవలసి ఉన్నది. పసుపు తినేవారికి ఈ జబ్బు రాదని, పాలలో కలిపి తాగిస్తే నయమవుతుందని మా ఊళ్లో నాకు చెప్పనివారు లేరు. పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం మీద ప్రయోగశాలల్లో ఎంతో పరిశోధన జరిగింది. కాని రోగులకు ఇచ్చి చూసినప్పుడు ఈ వ్యాధి నయమైనట్టు రుజువు కాలేదు. పసుపు మనకు మంగళద్రవ్యం, మా ప్రాంతానికి జీవనాధారం. దానికి లేని మహిమను అంటగట్టి, ఉన్న వైద్యాన్ని మానుకోవడం పసుపుకు గౌరవం కాదు.

రజ్జువులో కనిపించే సర్పం

అద్వైత వేదాంతంలో రజ్జుసర్ప దృష్టాంతం తెలియనివారుండరు. మసకచీకటిలో తాడును చూసి ఒకడు పామనుకుంటాడు. పాము లేదు. కాని వాని గుండెదడ ఉన్నది, చెమట ఉన్నది, పరుగు ఉన్నది. పాము అసత్యమైనా భయం సత్యమే. అతనిని ‘మూర్ఖుడా’ అని తిట్టినందువల్ల భయం పోదు. దీపం తేవాలి, దీపం లేనప్పుడు చేయి పట్టుకోవాలి.

ఈ దృష్టాంతాన్ని నేను నలభై ఏళ్లుగా శిష్యులకు చెబుతున్నాను. అది మా ఇంట్లో వెనుక గదిలోనే ఉన్నదని గుర్తించలేకపోయాను. అమ్మకు నిత్యం ఆ మసకచీకటే. మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలుపుకొనే భాగం ఈ వ్యాధిలో ముందుగా దెబ్బతింటుంది. అందువల్ల పావుగంట కింద తిన్న అన్నం గుర్తుండదు. ఆమె దృష్టిలో తాను తిననే లేదు. గాజులు దాచిన సంగతి నిలవదు. చూస్తే పెట్టినచోట లేవు. మరి ఎవరో తీసి ఉండాలి కదా? “పోయింది గాజులు కాదు, గుర్తు. ఆ భయానికి ఎవరో ఒకరి పేరు పెట్టుకోవాలె కదా, దగ్గరున్నది నేనే” అన్నది మా ఇంటావిడ. దొంగ అనిపించుకున్న మనిషి చెప్పిన మాట అది.

అట్లా చూడడం మొదలుపెట్టాక, అర్థం లేనివనుకున్న చేష్టలలో అర్థం కనిపించసాగింది. స్నానానికి రానని పెనుగులాడేది. తల మీద హఠాత్తుగా నీళ్లు పడితే ఎక్కడ నుంచి ఏమి పడిందో తెలియక బెదిరేదన్నమాట. ముందుగా చేతి మీద గోరువెచ్చని నీళ్లు పోసి, “పాదాలు కడుగుతాను అత్తమ్మా” అని చెప్పి మొదలుపెడితే పెనుగులాట సగానికి తగ్గింది. గదిలోని నిలువుటద్దాన్ని చూసి “ఆ ముసలమ్మ ఎవరు? నా మంచం మీద కూర్చుంటున్నది” అని కోపగించేది. తనను తాను యువతిగా భావిస్తున్నవారికి అద్దంలోని ముఖం పరాయిదే. అద్దానికి గుడ్డ కప్పాము, కోపం పోయింది. ఒకనాడంతా పక్కవారిని కొట్టబోయింది. తీరా చూస్తే మూడు రోజులుగా విరేచనం కాలేదు. కడుపునొప్పి అని చెప్పడానికి మాట దొరకక చేయి లేచింది. పసిబిడ్డ ఏడిస్తే ఆకలా, నొప్పా, నిద్రా అని వెతుకుతాము. వృద్ధులు అరిస్తే మాత్రం మొండితనమంటాము.

ఇక సాయంకాలపు సంగతి. పగలంతా నెమ్మదిగా ఉండి, పొద్దు వాలుతుండగా కలవరపడడం ఈ వ్యాధిలో చాలామందిలో కనిపిస్తుంది. శరీరంలోని కాలచక్రం గతి తప్పడం, పగటి అలసట, వెలుతురు తగ్గి నీడలు పెరగడం ఇందుకు కారణాలని చెబుతారు. సంధ్య అంటేనే రెండింటి నడుమ ఉన్న వేళ. అందుకే మన పెద్దలు ఆ వేళ దీపం పెట్టి, దైవనామం తలచుకోమన్నారు. మేము పొద్దు గుంకక ముందే ఇంట్లో అన్ని దీపాలూ వెలిగించడం మొదలుపెట్టాము. టీవీ కట్టేశాము. మధ్యాహ్నపు నిద్ర తగ్గించి, పొద్దుటి ఎండలో కాసేపు కూర్చోబెట్టాము. కలవరం పూర్తిగా పోలేదు, కాని దాని ఉద్ధృతి తగ్గింది.

సత్యమా, సాంత్వనమా?

ఒక సాయంకాలం నేను ఆలయం నుంచి రావడం ఆలస్యమైంది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. అమ్మ ఎప్పటిలాగే సంచితో నిలబడి ఉన్నది. మా ఇంటావిడ ఆమె పక్కన నిలబడి అడుగుతున్నది: “అత్తమ్మా, మీ ఇల్లు ఎట్లుండేది? గడపకు పసుపు ఎవరు రాసేవాళ్లు?”

“నేనే. అమ్మ కుంకుమ బొట్లు పెట్టేది. నడిమి గడపకు ఐదు” అన్నది అమ్మ.

“అయితే మన గడపకు కూడా రాస్తారా? నాకు అంత చక్కగా రాదు.”

అమ్మ సంచి కింద పెట్టింది. పసుపు గిన్నె ముందుకు జరుపుకొని, గడప పక్కన కూర్చొని, ఒక కొస నుంచి మరో కొస దాకా వేళ్లతో నున్నగా రాసింది. లెక్క తప్పకుండా ఐదు బొట్లు పెట్టింది. చేయి కడుక్కొని “ఆకలైతున్నది” అంటూ లోపలికి నడిచింది. ఇంటికి పోవాలన్న మాట ఆ పూట మళ్లీ రాలేదు.

రెండు నెలలుగా నేను ఆమె మాటకు జవాబిచ్చాను. ఆమె మనస్సుకు జవాబిచ్చింది నా భార్య. ‘ఇంటికి పోతా’ అన్నదాని అర్థం ఒక పల్లె కాదు. ‘నాకు ఇక్కడ భయంగా ఉన్నది, నన్ను ఎరిగినవారి నడుమకు, నాకొక పని ఉన్న చోటికి నన్ను చేర్చండి’ అని.

అయినా నాకొక సందేహం మిగిలింది. తల్లి భ్రమను సరిదిద్దకపోవడం అసత్యం కాదా? ఎందరో భక్తులు కూడా నన్ను ఇదే అడిగారు. మహాభారతంలో కర్ణపర్వంలో శ్రీకృష్ణుడు అర్జునునికి చెప్పిన కౌశికుని కథ దీనికి సమాధానమని నా నమ్మకం. ఎన్నడూ అసత్యమాడనని వ్రతం పూనిన బ్రాహ్మణుడు కౌశికుడు. దొంగలకు భయపడి కొందరు అడవిలో దాగారు. వారెటు పోయారని దొంగలు అడిగితే, వ్రతభంగం కారాదని కౌశికుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. దొంగలు వారిని వెదకి చంపారు. ధర్మసూక్ష్మం ఎరుగని ఆ సత్యవ్రతుడు నరకానికి పోయాడు. సత్యం ప్రాణులకు మేలు చేయడానికి ఉన్నది, నా వ్రతం నిలబడడానికి కాదన్నది అందులోని సారం. అమ్మను అరవైసార్లు ఏడిపించిన నాకు ఆ కథ నన్ను గురించే చెప్పినట్టు అనిపించింది.

అబద్ధాలు అల్లమని నేను చెప్పడం లేదు. నా భార్య ఆనాడు ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఇల్లు ఎట్లుండేదని అడిగింది, అంతే. “నాన్న ఏడి?” అని అమ్మ సూటిగా అడిగిన రోజులూ ఉన్నాయి. “తాతగారికి నువ్వంటే ఎంతో ప్రేమట కదా, నీకేమి తెచ్చేవాడు?” అని నేను అడగడం నేర్చుకున్నాను. అమ్మ సంత నుంచి తెచ్చే బెల్లం జీడీల గురించి చెప్పేది. వ్యాధి తొలి దశలో, నిజాన్ని తట్టుకొని నిలుపుకోగల శక్తి ఉన్నవారికి నెమ్మదిగా చెప్పవచ్చు. నిలుపుకోలేనివారికి అదే గాయాన్ని ప్రతిరోజూ చేయరాదు.

ఈ ఉపాయాలు అన్నివేళలా పనిచేస్తాయని భ్రమింపజేయను. కొన్ని సాయంకాలాలు గడప వద్ద ఆగేది కాదు. అప్పుడు నేనూ సంచి పట్టుకొని ఆమెతో బయలుదేరేవాణ్ని. వీధి చివరిదాకా నడిచి, రావిచెట్టు కింద కాసేపు కూర్చొని తిరిగి వచ్చేవాళ్లం. మా గుమ్మం కనిపించగానే “వచ్చేసినం” అని తానే అనేది.

మరచినా మిగిలేది

‘ఎంత చేసినా గుర్తుండదు కదా, చేసి ఏమి ఫలం?’ అని కొందరంటారు. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వారు అల్జీమర్స్ ఉన్న 17 మందికి, ఆరోగ్యవంతులైన మరో 17 మందికి దుఃఖం కలిగించే దృశ్యాలు, సంతోషం కలిగించే దృశ్యాలు చూపించారు. కొద్దిసేపటికే రోగులు చూసిన దృశ్యాన్ని దాదాపుగా మరచిపోయారు. కాని దుఃఖము, సంతోషము మాత్రం వారి మనస్సులో ఆ తర్వాత కూడా నిలిచే ఉన్నాయి. పసుపు బస్తాలు మార్కెట్‌కు తరలిపోయిన తర్వాత కూడా కల్లంలో వాసన మిగిలి ఉన్నట్టు. నేను కసిరిన మాటను అమ్మ మరచి ఉంటుంది. ఆ బెదురు మాత్రం ఆ పూటంతా ఆమెను వెన్నాడి ఉంటుంది. నా భార్య చేయి నిమిరిన సంగతీ మరచి ఉంటుంది. ఆ నెమ్మదితనం మిగిలి ఉంటుంది.

మన తర్కశాస్త్రం స్మృతికి మూలం సంస్కారమంటుంది. తైత్తిరీయోపనిషత్తు మనిషిని అన్నమయం నుంచి ఆనందమయం దాకా ఐదు కోశాలుగా దర్శించింది. వైద్యశాస్త్రాన్ని ఉపనిషత్తుతో ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే బుద్ధి మసకబారినంత మాత్రాన మనిషి మొత్తం పోయినట్టు కాదన్నది మాత్రం మన దర్శనం మనకు ఏనాడో నేర్పింది. అమ్మకు నా పేరు గుర్తులేని రోజుల్లో కూడా, ఆలయ ఘంట వినిపిస్తే చేతులు జోడించేది. ఏడాదికేడాది చెప్పుకున్న స్తోత్రాన్ని నేను మొదలుపెడితే తాను పూర్తిచేసేది. మా వీధిలో జీవితమంతా బీడీలు చుట్టిన ఒక వృద్ధురాలున్నది. ఆమెకు మనవల పేర్లు తెలియవు. ఒళ్లో ఆకు లేకున్నా వేళ్లు మాత్రం ఆకు చుడుతున్నట్టే కదులుతుంటాయి. కోడలు ఆమెకు పాత గుడ్డముక్కలు మడత పెట్టే పని ఇచ్చింది. ఆ వేళ్లకు పని దొరికింది, ఆమెకు శాంతి దొరికింది. చేత్తో చేసి చేసి అలవాటైన పనులు, పాటలు, ప్రార్థనలు చాలాకాలం నిలుస్తాయి. వాటి ద్వారానే ఆ మనిషిని పలకరించాలి.

మన తెలుగునేల నుంచే లోకానికి అందిన ఒక విశేషం కూడా ఇక్కడ చెప్పాలి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలను ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారికంటే రెండు లేదా అంతకు మించిన భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని వారు గమనించారు. అక్షరం రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన మన ప్రాంతంలో సంతలో బేరమాడుతూ నేర్చిన భాష కూడా మెదడుకు వ్యాయామమేనేమో. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం, రక్తపోటు, మధుమేహం, వినికిడి లోపం, పొగ, ఒంటరితనం వంటి 14 అంశాలను జీవితాంతం సరిచూసుకుంటే దాదాపు 45 శాతం కేసులను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని తెలిపింది. చెవుడు వచ్చిన పెద్దలకు వినికిడి యంత్రం కొనిపెట్టడం కూడా మాతాపితృ సేవయే.

ఆచారం విషయంలో ఒక మాట

ఆస్తిక కుటుంబాలలో తలెత్తే ఇబ్బంది వేరొకటి ఉన్నది. నైవేద్యం పెట్టకముందే అమ్మ ప్రసాదం తినేసింది, ఏకాదశినాడు ఉపవాసం మరచి అన్నం అడిగింది, మడి కలిపేసింది, దేవుని గదిలో కూర్చొని అపశబ్దం పలికింది. ఇవన్నీ పాపమేమోనని నన్ను అడిగేవారున్నారు. బాలురకు, వృద్ధులకు, వ్యాధిగ్రస్తులకు వ్రతనియమాలలో మన ధర్మశాస్త్రాలు మినహాయింపు ఇచ్చాయి. తెలిసి చేయని దానికి దోషం లేదు. ఆమె తిన్న తర్వాత మరొక గిన్నెలో కొంచెం తీసి నివేదించండి. మందులు వేసుకొనే వృద్ధులను ఉపవాసం ఉంచకండి. ఇది పూర్వజన్మ కర్మఫలమని వారి ఎదుటగాని, సేవచేసేవారి ఎదుటగాని అనకండి. ఆ మాట ఎవరికీ ఒక్క పూట సేవను తేలిక చేయదు.

సేవచేసేవారి సేవ

మా ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో కొడుకులు గల్ఫ్ దేశాలలో ఉంటారు. పెద్దలతో ఉండేది కోడలే. పగలు పొలం, బీడీలు, పిల్లలు. రాత్రి అత్తగారి కలవరం. పైగా దొంగ అన్న నింద. అటువంటి ఇల్లాలికి విసుగు రావడం పాపం కాదు. ఫోనులో కొడుకు ‘అమ్మను బాగా చూసుకో’ అని చెప్పడంతో పుత్రధర్మం తీరదు. వారానికి ఒక పూటైనా మరొకరు వచ్చి కూర్చొని ఆమెను విశ్రమించనివ్వాలి. మా ఇంట్లో ఆ ఏర్పాటు చేయడానికి నాకు చాలాకాలం పట్టింది. ఒకనాడు నా భార్య వంటింట్లో ఒంటరిగా ఏడుస్తుండగా చూసి, గురువారం సాయంకాలం అమ్మ పక్కన నేను కూర్చోవడం మొదలుపెట్టాను. ఆ పూట ఆలయంలో మా అబ్బాయి దీపారాధన చేసేవాడు.

దారితప్పే స్వభావం ఉన్నవారి జేబులోనో కొంగుకో పేరు, ఫోను నంబరు రాసిన చీటీ ఉంచాలి. వీధిలోని దుకాణదారులకు ముందే చెప్పి ఉంచాలి. ఇందులో సిగ్గుపడవలసింది లేదు. వృద్ధుల సమస్యలకు 14567, మానసిక ఆరోగ్య సలహాకు 14416 అనే ప్రభుత్వ సహాయ నంబర్లు ఉన్నాయి. 1992లో కేరళలో ప్రారంభమైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఇటువంటి కుటుంబాలకు శిక్షణ, సలహా అందిస్తూ వస్తున్నది.

అమ్మ 2022 కార్తిక మాసంలో కన్నుమూసింది. చివరి ఏడాది మాటలు దాదాపు లేవు. నన్ను ‘నాన్నా’ అని పిలిచేది. కొడుకునని పిలిచిందో, తన తండ్రిననుకొని పిలిచిందో నాకు తెలియదు. మొదట్లోనైతే ‘నేను నీ కొడుకును’ అని సరిదిద్దేవాణ్ని. అప్పటికి అది మానేశాను. ‘ఊ, ఇక్కడే ఉన్నానమ్మా’ అనేవాణ్ని. అది సత్యమే.

ఇప్పటికీ వేసవిలో శ్రీరాంసాగర్ నీరు తగ్గినప్పుడు పాత ఊళ్ల ఆనవాళ్లు అక్కడక్కడ బయటపడతాయి. నేను ఒకసారి పోయి ఆ బురదలో నిలబడి వచ్చాను. అమ్మ ఇల్లు ఎక్కడో గుర్తుపట్టలేకపోయాను. మా ఇంటి నడిమి గడపకు మాత్రం నేటికీ పసుపు రాసిన తర్వాత ఐదు బొట్లే పెడతారు. మీ ఇంట్లో కూడా సంధ్యవేళ ఎవరైనా సంచి పట్టుకొని గుమ్మంలో నిలబడితే, దయచేసి వారికి ఇల్లు లేదని చెప్పకండి. ఆ ఇల్లు ఎట్లుండేదో అడగండి.